తెల్ల గుర్రాల కోసం టోపీ తీసిన కల్నల్

మా అమ్మాయి పోయిన ఏడాది నుంచి ప్రతి శనివారం గుర్రపు స్వారీ క్లాసుకి వెళ్తోంది. కూచిపూడి మానేసి కాదు లెండి, దాంతోపాటే. నేను ఫ్లాస్కులో కాఫీ పోసుకుని కొట్టం పక్కన బెంచీ మీద కూర్చుంటాను. మొదటి రెండు నెలలూ పిల్ల చేతికి పగ్గాలే ఇవ్వలేదు. టీచరమ్మ పొడుగాటి తాడు పట్టుకుని మధ్యలో నిలబడుతుంది, గుర్రం చుట్టూ తిరుగుతుంది, మా పిల్ల రికాబుల్లో కాళ్ళు పెట్టకుండా, చేతులు నడుం మీద పెట్టుకుని కూర్చోవాలి. అంతే. కట్టిన ఫీజుకి ఇదేం చదువు అని నాకూ అనిపించింది. ఉండబట్టలేక ఒకరోజు అడిగేశాను. ఆవిడ నవ్వి, వియన్నాలో పెద్ద పెద్ద రౌతులు కూడా ఇలాగే మొదలుపెడతారని చెప్పి, ఓ పాత పుస్తకం చేతిలో పెట్టింది. రాసినాయన కల్నల్ అలోయిస్ పొడ్‌హైస్కీ. పేరు నోరు తిరగడానికే నాకు రెండు రోజులు పట్టింది.

చదవడం మొదలుపెట్టాక వదల్లేకపోయాను. నేను చదివింది బీఎస్సీ జువాలజీ. జంతువులంటే ఆసక్తి అప్పటి నుంచీ ఉంది. కానీ ఈయన కథలో గుర్రాలు ఒక ఎత్తు, ఆ గుర్రాల చుట్టూ నడిచిన చరిత్ర ఇంకో ఎత్తు. ఆయన పేరు యూరప్‌లో గుర్రాలంటే ప్రాణం పెట్టేవాళ్ళందరికీ తెలుసు. మన తెలుగువాళ్ళలో విన్నవాళ్ళు తక్కువే అనుకుంటాను. అందుకే ఈ వారం ఈ కాలమ్‌లో ఆయన గురించి.

ముందు డ్రెసాజ్ అంటే ఏమిటో ఒక్కమాట. దీనికీ డ్రెస్సుకీ సంబంధం లేదు, తర్ఫీదు ఇవ్వడం అనే అర్థమున్న ఫ్రెంచి మాట. గుర్రప్పందెంలో వేగం చూస్తారు. డ్రెసాజ్‌లో గుర్రం నడకను చూస్తారు. ఉన్నచోటే నిలబడి లయగా అడుగులు వెయ్యాలి, దాన్ని పియాఫ్ అంటారు. గాల్లో ఒక్క క్షణం ఆగినట్టుగా ఒక్కో అడుగూ ఎత్తి వేస్తూ ముందుకి సాగాలి, అది పాసాజ్. వెనక కాళ్ళ మీద ఇరుసులా తిరగాలి. ఇదంతా చేస్తున్నప్పుడు పైన కూర్చున్న మనిషి ఏమీ చేయనట్టే కనిపించాలి. మన నాట్యంలో అడవులు నేర్చుకున్నవాళ్ళకి ఇది ఇట్టే అర్థమవుతుంది. చూసేవాళ్ళకి కష్టం కనబడిందంటే అక్కడికి మార్కులు పోయినట్టే.

పొడ్‌హైస్కీ 1898 ఫిబ్రవరి 24న మోస్టార్‌లో పుట్టారు. ఇప్పుడది బోస్నియాలో ఉంది. అప్పట్లో ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యం ఏలుబడిలో ఉండేది. తండ్రి సైన్యంలో ఆఫీసర్. కొడుకూ ఆ దారినే వెళ్ళి మొదటి ప్రపంచ యుద్ధంలో అశ్విక దళంలో పనిచేశారు. ఆయనకి ఇరవయ్యేళ్ళు వచ్చేసరికి యుద్ధం ముగిసింది, యుద్ధంతోపాటే ఆయన పుట్టిన దేశం కూడా మ్యాపు మీద లేకుండా పోయింది. మిగిలింది చిన్న ఆస్ట్రియా. సంధి షరతుల ప్రకారం దాని సైన్యం 30,000 మందికి మించకూడదు. గుర్రాల మీద బతుకు కట్టుకుందామనుకున్న కుర్ర ఆఫీసర్లకి ఇది పెద్ద దెబ్బ. ట్యాంకులూ మోటార్లూ వచ్చేశాక యుద్ధంలో గుర్రం ఎక్కేవాడితో పనేముంది?

పని ఇంకోచోట మిగిలింది. ఆ రోజుల్లో ఒలింపిక్స్ డ్రెసాజ్‌లో పాల్గొనేది దాదాపు అందరూ సైనిక అధికారులే. ఆఫీసర్ కాని సైనికుడికి ప్రవేశం లేదు, ఆడవాళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు. పొడ్‌హైస్కీ అలా ఆటలోకి వచ్చారు. 1930ల్లో సైన్యం ఆయన్ని పై చదువుకి పంపినట్టుగా వియన్నాలోని స్పానిష్ రైడింగ్ స్కూల్‌కి పంపింది.

ఆ స్కూల్ గురించి కాస్త చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగిన కథ అర్థం కాదు. పేరులో స్పానిష్ ఉన్నా అది ఆస్ట్రియా రాజులది. మొదట అక్కడ వాడిన గుర్రాలు స్పెయిన్ జాతివి కాబట్టి ఆ పేరు. పదహారో శతాబ్దం నుంచీ నడుస్తోంది. ఇప్పుడు టూరిస్టులు చూసే తెల్లటి హాలుని ఆరో చార్లెస్ చక్రవర్తి కట్టించారు, 1735లో పూర్తయింది. పైన పెద్ద పెద్ద షాండిలియర్లు, చుట్టూ స్తంభాలు, ఒక చివర చక్రవర్తి చిత్రపటం. రౌతులు లోపలికి వస్తూనే ఆ పటానికి టోపీ తీసి నమస్కారం చేస్తారు. రాజ్యం పోయి వందేళ్ళు దాటినా ఆ పద్ధతి మానలేదు.

అక్కడ గుర్రాలన్నీ లిపిజానర్ జాతివి. 1580లో ఇప్పటి స్లొవేనియాలో ఉన్న లిపిజా అనే ఊళ్ళో ఈ జాతిని పెంచడం మొదలుపెట్టారు, పేరు అక్కడిదే. వీటిలో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. ఆ తెల్లటి గుర్రాలు పుట్టినప్పుడు తెల్లగా ఉండవు. పిల్లలు నల్లగానో ముదురు గోధుమ రంగులోనో పుడతాయి. ఆరు నుంచి పదేళ్ళ వయసొచ్చేసరికి నెమ్మదిగా తెల్లబడతాయి. మన జుట్టు నెరిసినట్టే, కాకపోతే చాలా ముందుగా. దీనికి కారణమైన జన్యువు డామినెంట్, అంటే తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి వచ్చినా చాలు. ఎప్పుడో ఒకటి మాత్రం ముదురు రంగులోనే ఉండిపోతుంది. అలాంటిదొకటి స్కూల్లో ఉంటే శుభమని నమ్మి ఉంచుకుంటారట. మనవాళ్ళే అనుకున్నాను, నమ్మకాలు అందరికీ ఉంటాయి!

నేర్పే పద్ధతి కూడా అచ్చం మన గురుకులమే. కొత్త రౌతుకి అనుభవమున్న గుర్రాన్ని ఇస్తారు, కొత్త గుర్రాన్ని అనుభవమున్న రౌతుకి ఇస్తారు. పుస్తకాల్లో రాసిపెట్టింది తక్కువ, నోటితో చెప్పి కళ్ళముందు దిద్దించేదే ఎక్కువ. ఒక గుర్రం పూర్తిగా తయారవ్వాలంటే ఏళ్ళు పడుతుంది, రౌతుకి అంతకన్నా ఎక్కువ. అంటే ఒక తరం మధ్యలో తెగిపోతే మళ్ళీ అతికించడానికి ఏ పుస్తకమూ పనికిరాదు.

పొడ్‌హైస్కీకి అక్కడ ముగ్గురు గురువులు దొరికారు. పోలాక్, జ్రుస్ట్, లిండెన్‌బావర్. ఆయన అప్పటికే పేరున్న రౌతు, సైన్యంలో హోదా ఉన్నవాడు. అయినా మళ్ళీ మొదటినుంచి, మా పిల్లలాగే, తాడు చివర తిరిగే గుర్రం మీద రికాబులు లేకుండా కూర్చోవడంతో మొదలుపెట్టారు. ఈ పేజీ చదివి వినిపించాక మా ఇంట్లో ఫిర్యాదులు ఆగిపోయాయి.

1936 బెర్లిన్ ఒలింపిక్స్‌కి ఆయన నీరో అనే గుర్రంతో వెళ్ళారు. అది లిపిజానర్ కాదు, పందెపు జాతి థరోబ్రెడ్. పందేలకి పనికిరాదని పక్కన పెట్టిన గుర్రం. అలాంటిదాన్ని తీసుకుని ఓపిగ్గా తీర్చిదిద్ది ఒలింపిక్స్ దాకా తెచ్చారు. బంగారు పతకం జర్మనీకి చెందిన హైంజ్ పొల్లాయ్‌కి, వెండి పతకం ఇంకో జర్మన్ ఫ్రీడ్రిష్ గెర్‌హార్డ్‌కి వచ్చాయి. కాంస్యం పొడ్‌హైస్కీకి. పేరు నిలబడింది. ఆ పతకం తొమ్మిదేళ్ళ తర్వాత ఇంకో రకంగా అక్కరకొస్తుందని అప్పుడు ఎవరూ ఊహించి ఉండరు.

రెండేళ్ళు తిరక్కుండానే, 1938 మార్చిలో హిట్లర్ ఆస్ట్రియాని జర్మనీలో కలిపేసుకున్నాడు. వియన్నాలో హిట్లర్ జనాన్ని ఉద్దేశించి మాట్లాడిన ప్యాలెస్ పేరు హోఫ్‌బుర్గ్. స్పానిష్ రైడింగ్ స్కూల్ ఉన్నది కూడా ఆ ప్యాలెస్ ఆవరణలోనే. ఆస్ట్రియా సైన్యం మొత్తం జర్మన్ సైన్యంలో కలిసిపోయింది. బెర్లిన్‌లో తనని ఓడించిన దేశపు యూనిఫాం ఇప్పుడు పొడ్‌హైస్కీ వేసుకోవాల్సి వచ్చింది. 1939లో స్కూల్‌కి డైరెక్టర్ అయ్యారు, స్కూల్ సైన్యం అజమాయిషీలోకి వెళ్ళింది.

ఇక్కడ నేను కాసేపు పుస్తకం మూసేశాను. ఆయన యుద్ధమంతా ఆ సైన్యంలోనే ఉన్నారు, కల్నల్ అయ్యారు. ఆ ఏళ్ళలోనే ఆస్ట్రియాకి చెందిన యూదుల్లో దాదాపు 65,000 మందిని నాజీలు చంపేశారు. వాళ్ళలో ఎక్కువమంది వియన్నా వాళ్ళే, ఆ స్కూల్ చుట్టుపక్కల వీధుల్లో తిరిగినవాళ్ళే. గుర్రాలకి నాట్యం నేర్పుతూ కూర్చున్న మనిషిని మెచ్చుకోవడానికి నాకు మనసు అంత తేలిగ్గా రాలేదు. గుర్రాల కథలు రాసేవాళ్ళు ఈ సంగతిని ఒక వాక్యంలో దాటేస్తారు. నేను దాటెయ్యలేను. ఆయన కోరుకున్నది స్కూల్ బతకడం, దానికోసం ఎవరి కింద పనిచెయ్యాల్సి వస్తే వాళ్ళ కింద చేశారు. అదే ఆయన బలం, ఆయన మీద పడే ప్రశ్న కూడా అదే.

యుద్ధం మధ్యలో ఆయన పై అధికారులతో గట్టిగా విభేదించిన విషయం ఒకటుంది. ప్రదర్శనలిచ్చే గుర్రాలన్నీ మగవి. పిల్లలని కనే ఆడగుర్రాలు వియన్నాలో ఉండవు, దూరంగా పీబర్ అనే ఊళ్ళో పెంచేవారు. గుస్తావ్ రావ్ అనే జర్మన్ అధికారి 1942లో పీబర్ గుర్రాలనీ, వేరే దేశాల్లో పట్టుకున్న లిపిజానర్‌లనీ అన్నింటినీ కలిపి చెకోస్లొవేకియాలోని హోస్తావ్ అనే చోటికి తరలించాడు. జాతిని తొందరగా పెంచి, తను అనుకున్న మూసలోకి మార్చాలని అతని ఆలోచన. పొడ్‌హైస్కీకి ఇది మింగుడుపడలేదు. వందల ఏళ్ళుగా ఆచితూచి కలిపిన వంశాలు అవి. పైగా అన్నీ ఒకేచోట ఉంటే, ఆ ఒక్కచోటికి ఏదైనా జరిగితే? వియన్నాలో మగగుర్రాలు ఎన్ని ఉన్నా ఆడగుర్రాలు పోతే ఆ తరంతో జాతి సరి. జువాలజీ చదవనివాళ్ళకి కూడా అర్థమయ్యే లెక్క ఇది. ఆయన మాట ఎవరూ వినలేదు.

1944 చివరికల్లా వియన్నా మీద బాంబులు ఎక్కువయ్యాయి. గుర్రాలని ఊరు దాటించాలని పొడ్‌హైస్కీ అడుగుతూనే ఉన్నారు, పాలకులు ఒప్పుకోలేదు. కారణం వింటే నవ్వాలో ఏడవాలో తెలీదు. ఆ తెల్ల గుర్రాలు ఊరొదిలి వెళ్తే, ఇక వియన్నా పని అయిపోయిందని జనం అనుకుంటారట! ఎలాగో కొద్దికొద్దిగా అనుమతి సంపాదించి, 1945 మార్చిలో చివరి గుర్రాలని రైలెక్కించారు. దారిలో విమానదాడులు. రైలు ఆగుతూ, సాగుతూ రోజులకి రోజులు పట్టింది. మామూలుగా అయితే కొన్ని గంటల ప్రయాణం. చేరింది ఎగువ ఆస్ట్రియాలో సాంక్ట్ మార్టిన్ అనే పల్లె, అక్కడో జమీందారీ కోట. ఏప్రిల్ మధ్యకల్లా వియన్నా సోవియట్ సైన్యం చేతిలోకి వెళ్ళిపోయింది.

సాంక్ట్ మార్టిన్‌లో బాంబులు లేవు కానీ ఆకలి ఉంది. ఊరంతా కాందిశీకులు. తిండి లేనివాళ్ళకి ఆ గుర్రాలు కళాఖండాలుగా కనిపించవు కదా, మాంసంలా కనిపిస్తాయి. తప్పు కూడా పట్టలేం. పొడ్‌హైస్కీకి అప్పుడు సైన్యం లేదు, డబ్బు లేదు, చెప్పుకోవడానికి దేశం కూడా లేదు. భార్య వెరెనా, కొద్దిమంది రౌతులు, గుర్రాలు, అంతే.

మే మొదట్లో అమెరికన్ సైన్యం ఆ ఊరికి చేరింది. ఓడిపోయిన సైన్యపు కల్నల్‌ని ఎవరు పట్టించుకుంటారు? కానీ వచ్చిన అమెరికన్లలో బెర్లిన్ ఒలింపిక్స్‌లో ఆయన్ని చూసి గుర్తుపట్టినవారు ఉన్నారు. తొమ్మిదేళ్ళ కిందటి ఆ కాంస్య పతకం వల్ల తలుపులు తెరుచుకున్నాయి. కబురు జనరల్ జార్జ్ ప్యాటన్ దాకా వెళ్ళింది. అమెరికాలో ఉన్న మనవాళ్ళకి ప్యాటన్ పేరు కొత్త కాదు, ట్యాంకుల జనరల్ అంటారు. ఆయన మొదలైంది మాత్రం గుర్రాల మీదే. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో మోడర్న్ పెంటాథ్లాన్‌లో, అందులో గుర్రపు స్వారీ కూడా ఒక భాగం, ఐదో స్థానంలో వచ్చారు.

1945 మే 7. రైమ్స్‌లో జర్మనీ లొంగుబాటు పత్రం మీద సంతకాలు పడిన రోజు. అదే రోజు సాంక్ట్ మార్టిన్‌లో పొడ్‌హైస్కీ తన రౌతులతో ప్రదర్శన ఇచ్చారు. చూడ్డానికి వచ్చినవాళ్ళు ప్యాటన్, అమెరికా యుద్ధశాఖ అండర్ సెక్రటరీ రాబర్ట్ ప్యాటర్సన్. వియన్నా హాలూ లేదు, షాండిలియర్లూ లేవు. నెలల తరబడి సరైన మేత లేని గుర్రాలు. ప్రదర్శన చివర పొడ్‌హైస్కీ గుర్రం మీదే ప్యాటన్ ముందుకి వచ్చి, చక్రవర్తి పటానికి తీసినట్టే టోపీ తీసి, ఈ స్కూల్‌ని అమెరికా సైన్యం తన రక్షణలోకి తీసుకోవాలని కోరారు. ప్యాటన్ అక్కడికక్కడే ఒప్పుకున్నారు.

సినిమాల్లో అయితే ఇక్కడ సంగీతం మోగుతుంది. నిజంగానే డిస్నీ వాళ్ళు 1963లో ఈ కథని మిరకిల్ ఆఫ్ ది వైట్ స్టాలియన్స్ పేరుతో సినిమా తీశారు, పొడ్‌హైస్కీ వేషం రాబర్ట్ టేలర్‌ది. కానీ సినిమాలో కనబడని సంగతి ప్యాటన్ డైరీలో ఉంది. ప్రపంచమంతా తగలబడుతుంటే, ఒళ్ళు గట్టిగా ఉన్న కుర్రాళ్ళు కొందరు ఇన్నేళ్ళూ గుర్రాలకి నడుం తిప్పడం, కాలెత్తడం నేర్పుతూ గడిపారేమిటా అని ఆయనకి ఆశ్చర్యం వేసింది. గుర్రాలంటే ఎంత ఇష్టమున్నా ఇది తనకి పిచ్చిపనిలాగే తోచిందని దాచుకోకుండా రాసుకున్నారు. అలా అనుకుంటూనే రక్షణ ఇచ్చారు.

నేను ఈ కథ చెబుతుంటే మా అత్తయ్యగారు కూడా అదే మాట అన్నారు. వేసవికి ఇండియా నుంచి వచ్చి మా దగ్గరే ఉన్నారు. మనుషులకే గంజి దొరకని రోజుల్లో గుర్రాల కోసం అంత తాపత్రయం ఏమిటమ్మా అని. ప్యాటన్ దొరవారికి వచ్చిన అనుమానమే మీకూ వచ్చిందంటే, ఆయనెవరో తెలీకపోయినా కాస్త గర్వపడ్డారు.

ఇక ఆడగుర్రాల సంగతి. సినిమా చూసినవాళ్ళు ప్యాటన్‌ని పొడ్‌హైస్కీ అడిగాకే వాటిని కాపాడారనుకుంటారు. అసలు వరస వేరు. అప్పటికే, ఏప్రిల్ 28న, కల్నల్ చార్లెస్ రీడ్ నాయకత్వంలో అమెరికన్ అశ్విక దళం (పేరుకే అశ్విక దళం, ఎక్కింది సాయుధ వాహనాలు) హోస్తావ్ చేరుకుంది. ఒక పక్క నుంచి సోవియట్ సైన్యం వస్తోంది. అక్కడ ఉన్న జర్మన్ అధికారులూ, పశువైద్యుడూ శత్రువులైన అమెరికన్లతోనే రహస్యంగా మాట్లాడుకుని గుర్రాలని అప్పగించడానికి సిద్ధపడ్డారు. హోస్తావ్‌లో బందీలుగా ఉన్న మిత్రరాజ్యాల సైనికులు కూడా అప్పుడే బయటపడ్డారు. తర్వాత జర్మన్ దళాలు ఎదురుదాడికి దిగాయి. ఆ పోరాటాల్లో ఇద్దరు అమెరికన్ సైనికులు చనిపోయారు. యుద్ధం ఇంకో వారంలో అయిపోతుందనగా. ఆ ఇద్దరి ఇళ్ళకి ఏమని రాసి ఉంటారు? గుర్రాల కోసం పోయారని రాయగలరా? ఇది చదివినప్పటి నుంచి నా మనసులో ఉండిపోయింది.

మే నెలలో ఆ గుర్రాలని సరిహద్దు దాటించి బవేరియాకి తీసుకొచ్చారు. ఏవి పీబర్‌వో, ఏవి వేరే దేశాలవో తేల్చడానికి పొడ్‌హైస్కీని పిలిపించారు. గుర్రాల ఒంటి మీద వంశాన్ని తెలిపే ముద్రలుంటాయి. వాటిని చూసి ఒక్కొక్కటీ గుర్తుపట్టి, రెండు వందలకి పైగా గుర్రాలని ఆస్ట్రియాకి తెచ్చుకున్నారు.

కథ సుఖాంతం అనుకుంటాం. నిజానికి అసలు కష్టం ఆ తర్వాతే మొదలైందని నాకనిపిస్తుంది. వియన్నా నాలుగు దేశాల సైన్యాల పంపకంలో ఉంది, వెనక్కి వెళ్ళే దారి లేదు. 1946లో స్కూల్ వెల్స్ అనే చిన్న ఊరికి మారింది. కొన్ని నెలలనుకున్న మకాం తొమ్మిదేళ్ళు సాగింది. మనకి బాగా తెలిసిన లెక్కే, రెండేళ్ళని వచ్చి ఇరవయ్యేళ్ళుంటున్నాం కదా. ఆ తొమ్మిదేళ్ళూ సొంత హాలు లేదు, పాత గురువులు వయసు మీదపడుతున్నవాళ్ళు, కుర్రాళ్ళు చూస్తే వేరే జీతాల వైపు వెళ్ళాల్సిన రోజులు. ఇలాంటప్పుడే విద్య చెయ్యి జారిపోతుంది. మగగుర్రాలకి రోజూ పొద్దున్నే సాధన, కొత్త రౌతులకి మళ్ళీ తాడు చివర మొదటి పాఠం, ఇది ఒక్కరోజు ఆపలేదాయన. డబ్బు కోసం, ప్రపంచం మర్చిపోకుండా ఉండడం కోసం దేశదేశాలూ తిరిగి ప్రదర్శనలిచ్చారు. 1950లో అమెరికా కూడా వచ్చారు. అప్పటికి ప్యాటన్ లేరు, 1945 డిసెంబర్‌లోనే కారు ప్రమాదంలో గాయపడి పోయారు.

మధ్యలో 1948 లండన్ ఒలింపిక్స్‌లో యాభయ్యేళ్ళ వయసులో మళ్ళీ పోటీ చేశారు. ఈసారి పతకం రాలేదు. ఆ పోటీల్లోనే ఒక చిత్రం జరిగింది. టీమ్ బంగారు పతకం స్వీడన్‌కి వచ్చింది, మరుసటి ఏడాది వెనక్కి తీసేసుకున్నారు. ఎందుకంటే వాళ్ళ రౌతుల్లో గేనల్ పెర్సన్ అనే ఆయన నిజానికి ఆఫీసర్ కాదు, సార్జెంట్! పోటీ కోసం తాత్కాలికంగా ప్రమోషన్ ఇచ్చారని తేలింది. గుర్రానికి పైనున్నవాడి హోదాతో పనేముంది చెప్పండి. ఆ గొడవ తర్వాత నిబంధన మారింది, 1952 నుంచి మామూలు సైనికులకీ ఆడవాళ్ళకీ కూడా ప్రవేశం దొరికింది. అదే పెర్సన్ ఆ ఏడాది టీమ్‌తో కలిసి బంగారు పతకం గెలిచాడు. పోలియో వచ్చి మోకాళ్ళ కింద కాళ్ళు చచ్చుబడిన డెన్మార్క్ మహిళ లిస్ హార్టెల్ అదే పోటీల్లో వెండి పతకం గెలిచింది. ఆవిడ కథ ఇంకోసారి రాస్తాను.

1952లో ఆడగుర్రాలు తమ సొంత ఊరు పీబర్‌కి చేరాయి. 1955లో ఆస్ట్రియాకి స్వాతంత్ర్యం తిరిగొచ్చింది, విదేశీ సైన్యాలు వెళ్ళిపోయాయి. ఆ అక్టోబర్‌లో స్కూల్ వియన్నాలో తన తెల్ల హాలులోకి తిరిగి అడుగుపెట్టింది. హాలు యుద్ధంలో చెక్కు చెదరకుండా మిగిలింది. పదేళ్ళ కిందట రైలెక్కినప్పుడు యాభైకి దగ్గరలో ఉన్న మనిషి, ఇప్పుడు అరవైకి దగ్గరయ్యారు. మళ్ళీ చక్రవర్తి పటం ముందు టోపీ తీశారు.

ఆ తర్వాత ఇంకో పదేళ్ళ దాకా డైరెక్టర్‌గా ఉండి, 1960ల మధ్యలో రిటైరయ్యారు. రిటైరయ్యాక రాసిన పుస్తకాల్లో ఒకదానికి తన గుర్రాలే తన గురువులన్న అర్థం వచ్చేలా పేరు పెట్టారు. మా టీచరమ్మ నాకిచ్చింది అదే. అందులో తను ఎక్కడెక్కడ ఓపిక కోల్పోయారో, ఏ గుర్రాన్ని అర్థం చేసుకోవడానికి ఎన్నాళ్ళు పట్టిందో దాచకుండా చెప్పుకున్నారు. గుర్రం తప్పు చేసిందంటే ముందు తన తప్పు ఎక్కడుందో వెతుక్కునేవారు. పిల్లల హోంవర్కు దగ్గర నాకు అంత నిగ్రహం లేదని ఒప్పుకుంటున్నాను. 1973 మే 23న వియన్నాలో, 75 ఏళ్ళ వయసులో కన్నుమూశారు.

ఆయన చూడని మార్పులు తర్వాత వచ్చాయి. 2008లో మొదటిసారి ఇద్దరు అమ్మాయిలని ఆ స్కూల్లో శిక్షణకి చేర్చుకున్నారు. నాలుగు వందల ఏళ్ళకి పైగా మగవాళ్ళదే అయిన చోటు అది. 2015లో యునెస్కో ఆ విద్యని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. మా అమ్మాయికి రెండోది పట్టలేదు గానీ మొదటి సంగతి విని, అక్కడ చేరాలంటే జర్మన్ రావాలా అని అడిగింది. ముందు తెలుగు అక్షరాలు పూర్తి చెయ్యమన్నాను.

మా అత్తయ్యగారు మాత్రం ఇంకా ఒప్పుకోలేదు. ఆ ఇద్దరు సైనికుల సంగతి చెప్పాక అసలు ఒప్పుకోనన్నారు. నేనూ వాదించలేదు, నాకే తేలలేదు కాబట్టి. మొన్న శనివారం మాతోపాటు కొట్టానికి వచ్చారు. పుస్తకంలో ఉన్న ఓ చిన్న విషయం ఆవిడకి చెప్పాను. ఆ స్కూల్ రౌతుల కోటు వెనక తోకలా వేలాడే భాగంలో ఒక జేబు కుడతారు, బయటికి కనబడదు. గుర్రం బాగా చేసినప్పుడు చెయ్యి వెనక్కి పెట్టి అందులోంచి చక్కెర పలుకు తీసి ఇస్తారు. ఆవిడ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, దుక్కి అయిపోయాక వాళ్ళ నాన్నగారు పంచె కొంగున ముడేసుకున్న బెల్లం ముక్క విప్పి ముందు ఎడమపక్క ఎద్దుకీ, తర్వాత కుడిపక్క దానికీ పెట్టేవారని చెప్పి, బ్యాగులోంచి డబ్బా తీసి, మా పిల్ల ఎక్కే గుర్రానికి బెల్లం పెట్టొచ్చో లేదో టీచరమ్మని అడిగి రమ్మన్నారు.